ఇప్పుడా, తర్వాతా సరే... 'వద్దు' అనే బటన్ ఏదీ?

పొద్దున్నే ఆరింటికి స్టవ్ మీద పాలు పెట్టానో లేదో, ముందు గదిలోంచి మా అత్తమ్మ పిలుపు.

"బిడ్డా, ఇటు రా. ఫోన్ల మీ మామ లేడు."

నాకు ముందు అర్థం కాలేదు. మామయ్య పోయి మూడేళ్ళు దాటింది. వెళ్ళి చూస్తే అత్తమ్మ ఫోన్ పట్టుకుని మంచం అంచున కూర్చుని ఉంది. లాక్ స్క్రీన్ మీద ఉండే మామయ్య ఫోటో లేదు. ఆ స్థానంలో ఎవరో అమ్మాయి సముద్రం ఒడ్డున నవ్వుతోంది, కింద చెప్పుల మీద ఎంతో శాతం తగ్గింపు అని రాసి ఉంది. వేలితో పక్కకి తోస్తే ఒక కారు వచ్చింది. ఇంకోసారి తోస్తే ఏదో సినిమా వార్త.

రాత్రి మేమంతా పడుకున్నాక ఫోన్ తనంతట తాను అప్‌డేట్ అయ్యింది. అంతే, జరిగింది ఇంకేమీ లేదు. ఎవరూ ఫోన్ ఎత్తుకుపోలేదు, డబ్బులు పోలేదు. కానీ అత్తమ్మకి రోజూ నిద్ర లేవగానే కనిపించే మనిషి కనిపించలేదు. "నేనేం ముట్టలే బిడ్డా" అని రెండు మూడుసార్లు చెప్పుకుంది, తప్పు చేసిన చిన్నపిల్లలాగా. నాకు కోపం వచ్చింది ఆ మాటకే. తప్పు చేసినవాళ్ళు ఎక్కడో చల్లటి ఆఫీసులో ఉన్నారు. సంజాయిషీ చెప్పుకునేది డెబ్భై దాటిన మా అత్తమ్మ.

ఆ ఫోన్ కంపెనీ పేరు రాయను. ఈ కంపెనీ కాకపోతే ఇంకోటి. మీ ఇంట్లో ఫోన్ ఏదైనా ఇలాంటి ఉదయం ఒకటి మీకూ వచ్చే ఉంటుంది.

పాలు పొంగిపోయాయి. స్టవ్ తుడుచుకుని వచ్చి, సెట్టింగ్స్‌లోకి, అందులోంచి ఇంకో దాంట్లోకి, దాంట్లోంచి మరో దాంట్లోకి దిగి, ఇంగ్లీషులో ఏదో అందమైన పేరు పెట్టుకున్న ఆ సదుపాయాన్ని పట్టుకున్నాను. ఆపబోతే "ఎందుకు ఆపుతున్నారు? మీరు చాలా కోల్పోతారు" అని బతిమాలింది. ఆపాను. మామయ్యని మళ్ళీ తెర మీదికి తెచ్చాను. రెండు నెలల తర్వాత ఇంకో అప్‌డేట్ వచ్చింది. మామయ్య మళ్ళీ పోయాడు.

అందుకే ఈ పోస్టు.

మీరు ఎప్పుడైనా గమనించారా, ఈ అప్‌డేట్ వచ్చినప్పుడు తెర మీద ఏం అడుగుతుందో? "ఇప్పుడు చేయమంటారా? రాత్రికి చేయమంటారా? తర్వాత గుర్తు చేయమంటారా?" ఎంత మర్యాద! మూడు ప్రశ్నలూ ఎప్పుడు అనే. కావాలా అని ఒక్కటీ లేదు.

ఈ పద్ధతి మనకి కొత్త కాదు కదండీ. మనలో చాలామందిని పెళ్ళప్పుడు ఇలాగే అడిగారు. ముహూర్తం మాఘంలో పెట్టుకుందామా, ఫాల్గుణంలో పెట్టుకుందామా అని అడిగారు. అబ్బాయి నచ్చాడా అని అడిగినవాళ్ళెందరు? అడిగినట్టే ఉంటుంది, అడిగి ఉండరు. రేపెప్పుడైనా "నిన్ను అడిగే చేశాం కదా" అనడానికి మాత్రం పనికొస్తుంది.

ఇది నా అనుమానం కాదు, జరిగిన చరిత్రే ఉంది. 2015లో మైక్రోసాఫ్ట్ విండోస్ 10 తెచ్చింది. పాత విండోస్ వాడేవాళ్ళందరి కంప్యూటర్లలో "మారండి, మారండి" అని ఒక పెట్టె వచ్చేది. 2016 మే నెలకి ఆ పెట్టె ఎలా తయారైందంటే, మూలన ఉన్న ఎర్ర ఇంటూ గుర్తు నొక్కి దాన్ని మూసేసినా, అప్పటికే పెట్టిన తేదీకి మీరు ఒప్పుకున్నట్టే లెక్క. ప్రపంచంలో ప్రతి కంప్యూటర్ మీదా ఆ ఇంటూ గుర్తుకి 'వద్దు, పో' అనే అర్థం. దాన్ని వాళ్ళు 'సరే, కానీ' చేసేశారు. జనం గోల పెడితే జూన్ చివర్లో మార్చారు. ఆ కంపెనీ మార్కెటింగ్ అధిపతి క్రిస్ కపొసెలా అదే ఏడాది డిసెంబరులో, ఆ విషయంలో తాము హద్దు దాటామని ఒప్పుకున్నారు కూడా.

ఆ గొడవలోనే కాలిఫోర్నియాలో చిన్న ట్రావెల్ ఏజెన్సీ నడుపుకునే ఒక ఆవిడ ఉంది. ఆవిడ ఆఫీసు కంప్యూటర్ తన ప్రమేయం లేకుండా విండోస్ 10కి మారబోయి, మధ్యలో విఫలమై, ఆ తర్వాత రోజుల తరబడి సరిగా పనిచేయలేదు. ఆవిడ ఊరుకోలేదు. చిన్న మొత్తాల కోర్టుకి వెళ్ళి 10,000 డాలర్లు గెలిచింది. కంపెనీ తప్పు ఒప్పుకోలేదు గానీ అప్పీలు విరమించుకుని డబ్బు కట్టింది. ఆవిడని తలుచుకుంటే నాకెందుకో ధైర్యంగా ఉంటుంది.

ఇక మా ఊరి సంగతికొస్తాను. మాది శంషాబాద్. మేడ మీద బట్టలు ఆరేస్తుంటే తల మీంచి విమానాలు పోతుంటాయి. కొత్తగా వచ్చినవాళ్ళు ప్రతిసారీ తల ఎత్తి చూస్తారు, మేం చూడం. 2024 జులై 19, శుక్రవారం, ఆషాఢ మాసం. ఇంట్లో దీపం పెట్టుకుని టీవీ వేస్తే మా ఊరి ఎయిర్‌పోర్టే వార్తల్లో ఉంది. చెక్ఇన్ కౌంటర్ల ముందు పెద్ద పెద్ద వరసలు, కంప్యూటర్లలో నీలం తెరలు. హైదరాబాద్ నుంచి కలకత్తా వెళ్ళే ఒక ప్రయాణికుడికి చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫోటో ప్రపంచమంతా తిరిగింది. ఒక్క ఇండిగోనే ఆ రోజు దేశం మొత్తం మీద దాదాపు 200 విమానాలు రద్దు చేసుకుంది.

ఏం జరిగిందంటే, క్రౌడ్‌స్ట్రైక్ అనే అమెరికా కంపెనీ విండోస్ కంప్యూటర్లకి కాపలా కాసే సాఫ్ట్‌వేర్ అమ్ముతుంది. మన టైము ప్రకారం ఆ ఉదయం 9 గంటల 39 నిమిషాలకి ఒక చిన్న అప్‌డేట్ ఫైలు పంపింది. అందులో తప్పు ఉంది. 10:57కి వెనక్కి తీసుకున్నారు. మధ్యలో 78 నిమిషాలు, అంటే మనం వంకాయ కూర, పప్పు, రసం చేసుకుని అన్నం వార్చేంత సమయం. ఈలోపు ప్రపంచంలో 85 లక్షల కంప్యూటర్లు పడిపోయాయని మైక్రోసాఫ్టే అంచనా వేసింది. పడగొట్టడం ఒక్క దెబ్బకే అయింది గానీ, లేపడానికి చాలాచోట్ల మనిషి ప్రతి కంప్యూటర్ దగ్గరికీ వెళ్ళి ఆ ఫైలు తీసేయాల్సి వచ్చింది.

మా ఎదురింటి అమ్మాయి ఎయిర్‌పోర్టులోనే కౌంటర్లో పనిచేస్తుంది. ఆ రాత్రి వచ్చి తన వేళ్ళు చూపించింది, పెన్ను పట్టుకున్న చోట ఎర్రగా కమిలిపోయి ఉంది. "పదో తరగతి పరీక్షల తర్వాత ఇంత రాయలేదు ఆంటీ" అంది. అరిచినవాళ్ళంతా ఆ పిల్ల మీదే అరిచారట. తప్పు ఎవరిదైనా తిట్లు తినేది కౌంటర్లో నిలబడ్డ మనిషే.

ఇందులో నన్ను ఆశ్చర్యపరిచింది ఇంకొకటి. ఆ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ రాగానే వేసుకోకుండా ఒక అడుగు వెనక ఉంటామని ముందే ఎంచుకున్న సంస్థలు కూడా ఉన్నాయి. ఆ జాగ్రత్త పనికిరాలేదు. ఎందుకంటే ఇలాంటి చిన్న ఫైళ్ళకి ఆ ఎంపిక వర్తించదట, అందరికీ ఒకేసారి వెళ్ళిపోతాయట. ఇంత జరిగాక, ఇకమీదట విడతలవారీగా పంపుతాం, ఎప్పుడు వేసుకోవాలో మీ చేతిలో పెడతాం అన్నారు. అంటే ఆ హక్కు ఇవ్వడం వాళ్ళకి చేతకాక కాదు. ప్రపంచం ఆగిపోతే గానీ ఇవ్వాలనిపించలేదు. అది కూడా పెద్ద కంపెనీలకి. మా అత్తమ్మకి ఎవరిస్తారు?

ఇక్కడ మా అబ్బాయి అడ్డం వచ్చాడు. వాడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. నేను రాసింది చదివి, "అమ్మా, నువ్వు ఇలా రాస్తే నీ ఫ్రెండ్స్ అందరూ అప్‌డేట్లు ఆపేసి దొంగలకి దొరికిపోతారు" అన్నాడు. 2017 మే నెలలో వచ్చిన వానాక్రై గురించి చెప్పాడు. కంప్యూటర్లోని ఫైళ్ళన్నీ తాళం వేసి డబ్బులు అడిగే వైరస్ అది. దానికి విరుగుడు రెండు నెలల ముందే, మార్చిలోనే మైక్రోసాఫ్ట్ ఇచ్చింది. వేసుకోనివాళ్ళు దెబ్బతిన్నారు. ఇంగ్లండులో ప్రభుత్వ ఆసుపత్రులు రోగులని వెనక్కి పంపాయి. మన ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ కంప్యూటర్లకి కూడా ఆ సెగ తగిలింది.

వాడు చెప్పింది నిజం. నేను కాదనను. మీరూ కాదనకండి. రక్షణ కోసం వచ్చే అప్‌డేట్లు వేసుకోవాలి, ముఖ్యంగా బ్యాంకు యాప్‌లు ఉన్న ఫోన్లలో.

కానీ వాడిని ఒకటే అడిగాను. "నాన్నా, మన ఇంటి తలుపు గొళ్ళెం వదులైతే బాగు చేయించాలా వద్దా?" చేయించాలన్నాడు. "గొళ్ళెం బాగు చేయడానికి వచ్చినవాడు, నేను పడుకున్నాక నా వంటింట్లోకి వెళ్ళి, పోపుల డబ్బా అటక మీద పెట్టి, బియ్యం డబ్బా మంచం కిందకి తోసి, గోడ మీద తాతయ్య ఫోటో తీసేసి అక్కడ చెప్పుల దుకాణం క్యాలెండర్ తగిలించి పోతే?" వాడు మాట్లాడలేదు.

అసలు తగువు అంతా అక్కడే ఉంది. గొళ్ళెం వేరు, పోపుల డబ్బా వేరు. ఈ రెండింటినీ ఒకే మూటలో కట్టి, ఇది వేసుకోకపోతే దొంగలు పడతారు అని బెదిరించి, ఆ చాటున వాళ్ళ వ్యాపారం మన ఇంట్లోకి తోస్తున్నారు. భయం మనది, లాభం వాళ్ళది.

పోపుల డబ్బా అంటే నవ్వకండి. మనం కళ్ళు మూసుకుని ఆవాలు తీస్తాం. ఆ అలవాటు చేతిలో ఉంటుంది, తలలో కాదు. అత్తమ్మ లాంటివాళ్ళు ఫోన్ నేర్చుకున్నది కూడా అలాగే. ఆకుపచ్చ బొమ్మ పైకి తోయాలి, రెండో వరసలో మూడోది నొక్కాలి అని చేతికి నేర్పుకున్నారు. అది నేర్చుకోవడానికి ఏడాది పట్టింది. 2025 ఆగస్టులో గూగుల్ వాళ్ళ ఫోన్ యాప్ రూపం మారినప్పుడు మన దేశంలో ఎంత కలకలం రేగిందో గుర్తుందా? పొద్దున లేచేసరికి కాల్ ఎత్తే తెరే మారిపోయి, ఎవరో హ్యాక్ చేశారేమోనని భయపడ్డవాళ్ళున్నారు. వాళ్ళకి అది కొత్త డిజైన్. కొడుకు ఫోన్ చేస్తుంటే ఎత్తడం తెలియక చూస్తూ కూర్చున్న తల్లికి అది డిజైన్ కాదు.

ఆ మార్పుని మళ్ళీ నేర్పే పని ఎవరిది? కంపెనీలు ఎవరినైనా ఇంటికి పంపుతాయా? పంపవు. ఆ పని మనది. అత్తమ్మ ఫోన్, పిల్లల స్కూలు యాప్, టీవీ, గ్యాస్ బుకింగ్, పనికి వచ్చే ఆవిడ రేషన్ ఓటీపీ, అన్నీ మన నెత్తినే. మా ఇంట్లో పని చేసే ఆవిడ ఫోన్‌లో జాగా తక్కువ. అప్‌డేట్‌కి చోటు లేదు, ఖాళీ చేయండి అని రోజూ వేధిస్తుంటే, ఏది తీయాలో తెలియక కూతురి ఓణీల ఫంక్షన్ వీడియోలు చెరిపేసుకుంది. నా దగ్గరికి వచ్చి "తిరిగి వస్తాయా అక్కా?" అని అడిగింది. రాలేదు. ఈ ఖర్చు ఏ కంపెనీ లెక్కల పుస్తకంలో ఉంటుంది చెప్పండి?

పైసల ఖర్చు కూడా చూద్దాం. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. సరే, విండోస్ 11కి మారదామంటే, 2017కి ముందు కొన్న ఇంటెల్ కంప్యూటర్లు చాలావరకు పనికిరావు. టీపీఎం 2.0 అనే భద్రత ఏర్పాటు ఉండాలి, ఎనిమిదో తరం ప్రాసెసర్ ఉండాలి అని నిబంధన. పిల్లల చదువుకీ, బిల్లులు కట్టుకోవడానికీ నిక్షేపంగా పనిచేసే యంత్రాలు ఇవి. దీనివల్ల సుమారు 24 కోట్ల కంప్యూటర్లు చెత్తబుట్ట పాలు కావచ్చని కెనాలిస్ అనే పరిశోధన సంస్థ 2023లోనే అంచనా వేసింది. మన అమ్మలు చినిగిన చీరతో బొంత కుట్టిన ఇళ్ళండీ మనవి. పనిచేసే వస్తువుని పారేయమంటే మనకి చెయ్యి రాదు.

ఇంకో ఏడాది రక్షణ కావాలంటే మూడు దారులు చూపించారు. 30 డాలర్లకి సమానమైన డబ్బు కట్టండి, లేదా వాళ్ళ రివార్డు పాయింట్లు వెయ్యి ఇవ్వండి, లేదా మీ సెట్టింగులన్నీ వాళ్ళ క్లౌడ్‌లో దాచడానికి ఒప్పుకోండి, అప్పుడు ఉచితం. ఐరోపాలో వినియోగదారుల సంఘాలు ఇదేం షరతు అని నిలదీశాయి. దాంతో అక్కడివాళ్ళకి ఆ షరతు ఎత్తేసి ఉచితంగా ఇచ్చారు. మనకి? మనం అడగలేదు కాబట్టి షరతు అలాగే ఉంది. అడిగిన పిల్లకి రెండో లడ్డూ, అడగని పిల్లకి ఖాళీ పళ్ళెం.

అడిగితే పని జరుగుతుందనడానికి ఇంకో రెండు ఉదాహరణలు. అప్‌డేట్లతో పాత ఫోన్లని నెమ్మదింపజేశారని ఇటలీ ప్రభుత్వ సంస్థ 2018లో యాపిల్‌కి కోటి యూరోలు, శామ్‌సంగ్‌కి 50 లక్షల యూరోలు జరిమానా వేసింది. 2024 మే నెలలో మైక్రోసాఫ్ట్ 'రీకాల్' అని ఒకటి ప్రకటించింది. మన తెర మీద కనిపించేదాన్నంతా కొన్ని సెకన్లకోసారి ఫోటో తీసి కంప్యూటర్లో దాచిపెడుతుందట! జనం మండిపడ్డారు. నెల తిరగకుండానే, మీరు కావాలంటేనే ఆన్ అవుతుందని మార్చి, విడుదల వాయిదా వేశారు. చూశారా, 'కావాలా' అని అడగడం వాళ్ళకి వచ్చు.

మైక్రోసాఫ్ట్‌కి పెద్ద మన సత్య నాదెళ్ళ గారే. బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన మనవాడు అంత ఎత్తుకి ఎదిగాడని 2014లో మనమంతా మురిసిపోయాం. ఇప్పటికీ మురిపెమే. ఆయన 'హిట్ రిఫ్రెష్' అనే పుస్తకంలో ఎదుటివాళ్ళ కష్టాన్ని తనదిగా అనుకోవడం గురించి చాలా రాశారు. బాబూ, ఆ మాట పుస్తకంలోనే ఉంచకుండా తెర మీద ఒక బటన్‌గా పెట్టు నాయనా. మూడే అక్షరాలు, 'వద్దు' అని పెడితే రెండే.

మా ఊళ్ళో ఎయిర్‌పోర్టు కోసం 5 వేల ఎకరాలకి పైగా భూమి తీసుకున్నారు. ఎవరికి ఎంత న్యాయం జరిగిందన్నది వేరే పెద్ద కథ. కానీ అప్పటి చట్టంలో కూడా నోటిఫికేషన్ ఇవ్వాలి, అభ్యంతరాలు వినాలి అని రాసి ఉంది. 2008 మార్చిలో బేగంపేట నుంచి విమానాలు ఇక్కడికి మారినప్పుడు ఫలానా తేదీ నుంచి అని పేపర్లో వేశారు, టీవీలో చెప్పారు. ఎయిర్‌పోర్టు అంతటిదాన్ని మార్చడానికి మనకి ముందు చెప్పాల్సి వచ్చింది. నా డబ్బుతో నేను కొనుక్కున్న ఫోన్‌లో మా మామయ్య ఫోటో తీయడానికి మాత్రం ఒక్క మాట చెప్పక్కర్లేదా?

మనకి చట్టం అసలు లేదనుకోకండి. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 'డార్క్ ప్యాటర్న్స్' మీద మార్గదర్శకాలు ఇచ్చింది. మనిషిని మాయ చేసి ఒప్పించే పద్ధతులు 13 రకాలుగా చెప్పి, అవి చేయకూడదంది. పదే పదే వేధించడం అందులో ఉంది. వద్దన్నవాళ్ళని సిగ్గుపడేలా చేయడం ఉంది. ఒకటి కావాలంటే ఇంకోటి కూడా తీసుకోవాల్సిందే అని బలవంతపెట్టడం ఉంది. మన ఫోన్లలో రోజూ జరిగేది చదివి రాసినట్టే ఉంటుంది. ఫిర్యాదుకి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. ఫ్రిజ్ కాలిపోతే ఫోన్ చేస్తాం కదా, దీనికీ చేయొచ్చు.

నేను అడిగేది ఎక్కువేం కాదు. రక్షణ అప్‌డేట్లు వేరుగా, హంగులు వేరుగా పంపండి. హంగులకి 'వద్దు' అనే బటన్ పెట్టండి. ఒకసారి వద్దన్నది రెండు నెలల తర్వాత దొంగచాటుగా మళ్ళీ తేకండి. నచ్చకపోతే పాతదానికి వెనక్కి వెళ్ళే దారి ఉంచండి. తెలుగులో చెప్పండి.

ఈలోపు మనం చేయగలిగింది. ఇంట్లో పెద్దవాళ్ళ ఫోన్లలో 'రాత్రిపూట ఆటోమేటిక్‌గా ఇన్‌స్టాల్' అన్నది ఆపేసి, నెలకోసారి మీరే పక్కన కూర్చుని అప్‌డేట్ చేయండి. అయ్యాక ఏం మారిందో అప్పుడే చూసి, అక్కర్లేనివి ఆపి ఇవ్వండి. ముఖ్యమైన ఫోటోలు వేరే చోట ఒక కాపీ ఉంచండి. విండోస్ 10 కంప్యూటర్ ఉంటే ఆ ఏడాది పొడిగింపు తీసుకోండి, కంగారుపడి కొత్తది కొనకండి. పిల్లల్లో ఎవరికైనా లినక్స్ తెలిస్తే పాత యంత్రంలో వేసి చూడమనండి.

అన్నిటికన్నా ముందు, ఇంట్లో ఎవరైనా "నేనేం ముట్టలే" అని భయపడుతూ ఫోన్ తెచ్చి ఇస్తే, "ఏం నొక్కావు?" అని మాత్రం అడగకండి. నేనూ మొదటిసారి అదే అడిగాను. ఆ మాటకి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

మా అత్తమ్మ ఇప్పుడు పొద్దున లేవగానే ఫోన్ చూడటం లేదు. మామయ్య ఫోటో ఒకటి చిన్నది కడిగించి, ఫోన్ కవర్ వెనకాల, ఫోన్‌కీ కవర్‌కీ మధ్య పెట్టించుకుంది. "ఇగ ఎవ్వడు మారుస్తడో సూస్త" అంది.